బెత్తెడు తప్పిన ఆకాశం

నక్షత్రశాల,
గుమ్మటం కింది గది.
ఎండలు తగ్గుముఖం పట్టిన వారం.

ఉడుతకి,

మావయ్య దీవెనలు నువ్వు అడిగినా అడక్కపోయినా నీ మీదే ఉంటాయి కాబట్టి వాటికి వేరే వాక్యం ఖర్చుపెట్టను. ఈ కొండ మీద ఫోను సరిగ్గా అందదు. అందినా నీ మెషిన్ల మోతలో నా మాట నీకు వినపడదు. అందుకే ఉత్తరం.

మా ఆకాశం పగిలింది. నవ్వకు, నిజంగానే. హాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి గుమ్మటం నిండా చుక్కలు చల్లే గోళం గుర్తుందా? పేరుకి గోళమే కానీ అది పన్నెండు పలకల అల్యూమినియం గుల్ల. అడుగు పలక స్టాండు మీద కూర్చుంటుంది. మిగతా పదకొండింటికీ ఒక్కో కన్ను, కంటికో అద్దం, కడుపులో దీపం. ఇరవై రెండేళ్ళు నిప్పు మింగి బతికింది పాపం. మొన్నామధ్య దీపం మారుద్దామని చూస్తే పక్కన వెంట్రుకంత నెర్రె. నాలుగు రోజుల్లో అది వేలెడు పొడవైంది.

హాలు మూసేశాం. అయినా జనం వస్తూనే ఉన్నారు. నిన్న ముప్పైమంది బడిపిల్లలు బస్సు దిగారు. వెనక్కి పంపలేక చీకట్లో కూర్చోబెట్టి, టార్చిలైటు గుమ్మటం మీదికి వేసి, "ఇది ఒక చుక్క" అన్నాను. ఓ పిల్ల లేచి, "మరి మిగతావి ఎక్కడికెళ్ళాయి?" అంది. టార్చి ఆపి తలుపు తీశాను.

పాత గుల్లని పెట్టెలో పెట్టి నీ వర్క్‌షాపుకి పంపిస్తున్నాను. మీ ఫౌండ్రీలో కొత్త పోత పోయించు. పాతదాన్ని కొలిచి అచ్చు గుద్దినట్టు ఇంకోటి చేసిపెట్టు. డ్రాయింగు గురించి అడక్కు. ఎదురుగా వస్తువే ఉండగా కాగితం దేనికి?

ఇంకో మాట. మీ నాన్న మధ్యాహ్నాలు వచ్చి నీ దగ్గర కూర్చుంటారని అక్క చెప్పింది. బావకి ఇది చూపించకు. ఏదో పంపు బాడీ అని చెప్పెయ్. మానిన పుండు గోకడం ఎందుకు?

మావయ్య

*

వర్క్‌షాపు,
కంప్యూటర్ బల్ల.
తొలివాన పడిన రోజు.

మావయ్యా,

పెట్టె చేరింది. నాలుగు మూలలా పాత దుప్పట్లు కుక్కి, పైన దిండు కూడా పెట్టావు. దారిలో నిద్రపోతుందనుకున్నావా?

కొత్త పోత కూడా వచ్చింది. ఒళ్ళంతా ఇసుక గరుకు, ఒక్క పలకా తిన్నగా లేదు. రేకు కప్పు మీద వాన పడుతోంది. కంప్యూటర్ తెర మీద నీ గోళం బొమ్మ నెమ్మదిగా తిరుగుతోంది. అలా తిప్పుతూ కూర్చుంటే టీ చల్లారిపోయింది కూడా తెలియలేదు.

అయితే నీ పని నువ్వనుకున్నంత తేలిక కాదు. బొమ్మ గీయడం పెద్ద కష్టం కాదు. టూలు ఏ పలక మీద ఎలా నడవాలో క్యామ్ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. కానీ అన్నిటికంటే ముందు అది ఒక్కటి అడుగుతుంది: జీరో ఎక్కడ? ఆ ఒక్క చోటునుంచే ప్రతి పలకనీ ప్రతి కంటినీ కొలుచుకుంటుంది. మనం తప్పు చోటు చూపిస్తే ఆ తప్పుని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసిపెడుతుంది. చెప్పినమాట తు.చ. తప్పకుండా వినేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది.

మా మెషిన్ బల్ల వాలుతుంది, తిరుగుతుంది. అయినా కిందివైపు టూలుకి అందదు. అందుకని బోర్లించి అడుగు పలకా దాని చుట్టూ ఉన్న ఐదూ కోయాలి, తర్వాత తిప్పి కూర్చోబెట్టి మిగతా ఆరూ కోయాలి. తిప్పిన క్షణాన పాత జీరో పోతుంది. మళ్ళీ దొరకబుచ్చుకోవాలి. నాకేమో దీపం ఉండే చోటునే జీరో చెయ్యాలని ఉంది, ఎందుకంటే పదకొండు కళ్ళూ చూసేది దాన్నే. కానీ అక్కడ ముట్టుకోవడానికి గాలి తప్ప ఏమీ లేదు. ముట్టుకోగలిగిన ఏదో ఒకదాన్ని పట్టుకుని అక్కడికి చేరాలి.

పగిలిన గుల్లలో దేన్ని నమ్మను? గీసినవాళ్ళు దేన్నుంచి కొలిచారో తెలిస్తే సగం పని అయినట్టే. అది గీసింది నువ్వే కదా. డ్రాయింగు పంపు.

నాన్నకి పంపు బాడీ అనే చెప్పాను. "ఊఁ" అన్నారు.

నీ ఉడుత

*

నక్షత్రశాల,
గుమ్మటం కింది గది.
ముసురు.

ఉడుతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "ముట్టుకోవడానికి గాలి తప్ప ఏమీ లేదు" అన్న మాట జేబులో వేసుకుని రెండు రోజులు తిరిగాను.

మధ్యాహ్నం కునుకులో కల వచ్చింది. నేను ఆ గుల్లలో, దీపం ఉండాల్సిన చోట, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. పదకొండు కళ్ళలోంచి పదకొండు వీధులు కనిపిస్తున్నాయి. అన్నిట్లోనూ వాన. ఒక వీధిలో బావ సైకిలు మీద వస్తున్నారు, వెనక సీటు మీద ఏదో బరువు కట్టుకుని. మెలకువ వచ్చేసరికి గుమ్మటం మీద వాన చప్పుడు, కుర్చీలన్నీ వెనక్కి వాలి ఖాళీ కప్పుకేసి చూస్తున్నాయి.

డ్రాయింగు వెతికాను. పాత బీరువా అడుగు అరకి చెదలు పట్టాయి. అందులోనే పోయి ఉంటుంది. నువ్వు ఉన్నదాన్ని ఉన్నట్టు కొలిచి చెయ్యి, చాలు. అంత లోతుకి పోకు.

తొందర లేదని అనను. రోజూ ఎవరో ఒకరు తలుపు దాకా వచ్చి బోర్డు చదివి పోతున్నారు.

మావయ్య

*

వర్క్‌షాపు,
కొలతల బల్ల.
వాన వెలిసిన ఉదయం.

మావయ్యా,

నాలుగు రోజులు కొలిచాను. మెషిన్‌కి ఓ కొలత సూది ఉంటుంది, కొసన ఆవగింజంత కెంపు గోళీ. అది పలకని అలా తాకి, ఉలిక్కిపడ్డట్టు వెనక్కి వస్తుంది. తాకిన ప్రతిసారీ తెర మీద ఓ అంకె. ఆ టక్కు టక్కు వింటూ ఉంటే ఎవరో చీకట్లో గోడ తడుముకుంటూ నడుస్తున్నట్టు ఉండేది.

ఇప్పుడు విను. పై ఆరు కళ్ళూ ఒకే చోటుని చూస్తున్నాయి. కింది ఐదు కళ్ళూ కూడా ఒకే చోటుని చూస్తున్నాయి. కానీ ఆ రెండూ ఒక చోటు కాదు. కిందివాళ్ళ చోటు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంది.

నీ గోళానికి రెండు నడిబొడ్లు ఉన్నాయి, మావయ్యా.

ఆ ఐదు కళ్ళ చుట్టూ మాత్రమే ఇత్తడి మరకలు ఉన్నాయి. ఎవరో పల్చటి రేకు ముక్కలు దోపి అద్దాలని కాస్త కాస్త ఎత్తారు. ఏళ్ళ తరబడి అవి అక్కడే ఉన్నాయి.

మీ ఇద్దరికీ మాటలు పోయింది ఈ గోళం దగ్గరేనని అమ్మ చెప్పగా విన్నాను. నాన్న తప్పు కోశారనీ, మొదటి రోజు పదిమందిలో నువ్వు ఆ మాట అనాల్సి వచ్చిందనీ. అడిగితే అమ్మ, "మీ నాన్నకీ నా తమ్ముడికీ మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను, నన్ను అడక్కు" అంటుంది. నాన్నని ఎవరూ అడగరు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన గేటు మడతబందులూ, బావి కప్పీలూ చేశారు. సన్నపని వస్తే, "అది మన వల్ల కాదు" అని పంపేసేవారు. మూల పాత మిల్లింగ్ మెషిన్ మీద గుడ్డ కప్పే ఉండేది. నేనూ నిజమేననుకున్నాను.

కానీ ఈ కొలతలు వేరే మాట చెబుతున్నాయి. చెయ్యి జారితే ఒక కన్ను తప్పుతుంది, ఇంకోటి ఇంకోలా తప్పుతుంది. ఐదుకి ఐదూ అదే మూడు మిల్లీమీటర్లు, అదే వైపుకి, వందో వంతు కూడా తేడా లేకుండా తప్పితే అది చేతి తప్పు కాదు. చెప్పింది చెప్పినట్టు చేసిన చెయ్యి అది.

ఎవరు చెప్పారు?

డ్రాయింగు చెదలు తిన్నాయా, నిజం చెప్పు.

ఉడుత

*

నక్షత్రశాల,
గుమ్మటం కింది గది.
తారీఖు వెయ్యబుద్ధి కాలేదు.

ఉడుతా,

చెదలు తినలేదు. ఇదే కవరులో ఉంది, రెండు కాగితాలు. ఇరవై రెండేళ్ళుగా నా బట్టల పెట్టెలో, మడత విప్పకుండా ఉన్నాయి.

గుల్ల అడుగు పలక చూశావు కదా. బయట అంచు, లోపల మూడు మిల్లీమీటర్ల లోతున ఓ మెట్టు. మొదటి కాగితంలో పై ఆరు కళ్ళ ఎత్తులూ అంచునుంచి లెక్కవేశాను. రెండో కాగితం పది రోజుల తర్వాత గీశాను. అప్పటికి స్టాండు తయారై వచ్చింది. గుల్ల మెట్టు మీద కూర్చుంటుందని చూసి, కింది ఐదు కళ్ళనీ మెట్టునుంచి లెక్కకట్టాను. కాగితం మీద మాత్రం అలవాటు కొద్దీ "అంచునుంచి" అని రాశాను. ఒక్క మాట. బావ దాన్ని నమ్మి అంచునుంచే కోశారు.

మొదటి రోజు హాలు నిండా పెద్దమనుషులు. దీపాలు ఆర్పాం. చుక్కలు వచ్చాయి, అందరూ 'హా' అన్నారు. తర్వాత గొల్లకావడి పైకి లేచింది. మూడు చుక్కలు వరసగా ఉండాలా, రెండు ఒక వరసలో ఉన్నాయి, కింది కంటి వాటాకి వచ్చిన మూడోది బెత్తెడు కిందికి జారింది. ఆకాశం నడుము దగ్గర విరిగినట్టు. ఎవరో నవ్వారు. చీఫ్ ఇంజనీరు చీకట్లోనే, "ఎవరిది ఈ తప్పు?" అన్నారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బావ నా పక్క కుర్చీలో ఉన్నారు. "మెషినింగులో తేడా వచ్చిందండీ" అన్నాను. ఆలోచించి అనలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

మూడు రోజుల తర్వాత లెక్కలు మళ్ళీ చూస్తే తప్పు నాదేనని తేలింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. రేకు ముక్కలు దోపి చుక్కని పైకి లాగాను. అది నిలబడ్డాక ఇక ఎవరూ అడగలేదు. చెప్పని మాట కూడా అప్పులాంటిదే, ఉడుతా. ఏటికేడూ పెరుగుతుంది.

వేరే వర్క్‌షాపుకి పంపితే డ్రాయింగు అడుగుతారని నీకు పంపాను. నా మేనకోడలు కదా, అడగదులే అనుకున్నాను. నువ్వు మీ నాన్న కూతురివని మర్చిపోయాను.

మావయ్య

*

వర్క్‌షాపు.

మావయ్యగారికి,

మీ ఉత్తరమూ డ్రాయింగూ అందాయి.

ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. మీరు వద్దన్నా ఆయన గుల్లని మొదటి రోజే గుర్తుపట్టారట. నేను గుడ్డ కప్పి లోపలికి వెళ్ళినప్పుడు, గుడ్డ ఎత్తకుండా పైనుంచే చేత్తో తడిమి చూశారట. నేను పంపు బాడీ అంటే "ఊఁ" అన్నది అందుకు.

అయిపోయాక డ్రాయింగు అడిగారు. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి కూడుకుంటూ వెళ్ళారు. చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయింది. "అయితే నా చెయ్యి కాదన్నమాట" అన్నారు.

మీరు అబద్ధమాడారని ఆయన మనసులో పెట్టుకున్నారని మేమంతా అనుకున్నాం. అది కాదు. డ్రాయింగు మీరు వెనక్కి తీసుకున్నారు. సరిచూసుకోవడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. తప్పు తనదేననుకున్నారు. పదిమందిలో మీ పరువు తీశానని మొహం చూపించలేక మీ ఇంటికి రావడం మానేశారు. ఇరవై రెండేళ్ళు తన చేతుల్ని తనే నమ్మలేదు.

పని ఆగదు. పూర్తయ్యాక కబురు పంపిస్తాను. అంతవరకు మీరు ఉత్తరం రాయనక్కర్లేదు.

ఇట్లు,
మీ మేనకోడలు

*

నక్షత్రశాల,
మెట్ల మీద.
గాలి ఎక్కువగా ఉంది, కాగితం ఎగురుతోంది.

ఉడుతా,

రాయొద్దన్నా రాస్తున్నాను. చదవకపోయినా పరవాలేదు.

పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను "మీరు" అనడం ఇదే మొదలు. నాలుగు తిట్టినా అంత తగిలేది కాదు.

బావ నా మీద కోపంతో రావడం లేదనుకున్నాను. కోపం ఉన్న మనిషికి భయపడొచ్చు, తప్పించుకు తిరగొచ్చు. ఆయన సిగ్గుతో రావడం లేదని తెలిశాక కలిపిన అన్నం వదిలేసి లేచాను. మీ అత్త, "ఏమైంది?" అంది. ఆమెకీ ఇన్నేళ్ళుగా చెప్పలేదు. చెప్పాను. ఆమె లేచి వెళ్ళి, పంపు కింద గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది, కడిగినవే మళ్ళీ.

మర్నాడు చీఫ్ ఇంజనీరు గారి ఇంటికి వెళ్ళాను. రిటైరై ఎన్నో ఏళ్ళయింది. వరండాలో కూర్చుని పావురాళ్ళకి గింజలు వేస్తున్నారు. నిలబడే మొత్తం చెప్పాను: ఆ రోజు తప్పు నాది, మా బావది కాదు, మీ ముందు అబద్ధం చెప్పాను అని. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "ఏ గోళం?" అన్నారు.

మళ్ళీ చెప్పాను. "చుక్కలా? బాగానే వచ్చాయిగా అప్పుడు," అన్నారు. ఆయనకి ఆ రోజే గుర్తులేదు, ఉడుతా. ఎవరి కోపానికి భయపడి నేను బావని అమ్ముకున్నానో ఆ మనిషికి ఆ రోజు గుర్తులేదు. గింజల డబ్బా నా చేతికిచ్చి, "వెయ్యండి, మీరూ వెయ్యండి" అన్నారు. వేశాను.

తిరిగొచ్చి ఆఫీసులో కాగితం రాసి ఇచ్చాను. ఇప్పటి అధికారిణి చిన్నావిడ. చదివి, "ఫైల్లో పెడతాను" అంది. అంతే. ఆకాశం కూలలేదు. కూలేదేదో ఎప్పుడో మీ ఇంట్లో కూలింది.

మావయ్య

*

వర్క్‌షాపు,
మెషిన్ పక్క స్టూలు.
వానలు వెనకపట్టాయి.

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. జవాబు రాయకూడదనుకున్నాను. నిన్న జరిగింది నీకు కాక ఇంకెవరికీ రాయాలనిపించలేదు.

మొదటి సగం బాగా వచ్చింది. గుల్లని బోర్లించి పట్టి అడుగు పలక కోశాను, అంచు, మెట్టు, చుట్టూ ఐదు కళ్ళు. కోతనూనె పాలలా కారుతుంటే కిందినుంచి వెండిరంగు ఒక్కో పలకా బయటపడింది. నాన్న స్టూలు వేసుకుని అద్దం తలుపు ముందే కూర్చున్నారు, బయస్కోపు చూసినట్టు. మెషిన్ దానంతటది వాలి, తిరిగి, ఇంకో పలక చూపించినప్పుడల్లా, "అమ్మ దొంగా" అనేవారు మెల్లగా. ఆయన పలకకోసారి చేత్తో తిప్పే ఇండెక్సింగ్ తల మీద రంధ్రాలు లెక్కపెట్టుకుంటూ ఇదే పని పన్నెండు రోజులు చేశారట.

రెండో సగానికి తిప్పి కూర్చోబెట్టాలి. దానికో పీట తయారు చేశాను. తిప్పాక అడుగు పలక కింద కనపడదు, కొలత సూది చేరదు. అందుకని పీట పైభాగాన్నే ముందు తాకి, అక్కడినుంచి జీరో తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్లో అన్నీ అంచునుంచి ఇచ్చాను. రెండుసార్లు తెర మీద నడిపించి చూశాను. తప్పు చూపించే ఎర్ర గీత ఎక్కడా రాలేదు. గుల్ల ఎక్కించి బిగించాను. బటన్ మీద వేలు పెట్టాను.

"అమ్మాయ్," అన్నారు నాన్న.

"ఆఁ?"

"పీట దేన్ని మోస్తోంది? అంచునా, మెట్టునా?"

"మెట్టునే నాన్నా. లోపలివైపు కదా, కుదురుగా కూర్చుంటుందని..."

అనేసి, ఆగిపోయాను. ఆయన నన్నే చూస్తున్నారు.

పీట మోస్తున్నది మెట్టుని. నా లెక్కలన్నీ అంచునుంచి. మూడు మిల్లీమీటర్లు, మావయ్యా. అవే మూడు. నీది కిందికి జారింది, నాది పైకి లేచేది. బటన్ నొక్కి ఉంటే ఈసారి గొల్లకావడి అటు విరిగేది. నీ డ్రాయింగు గోడకి అంటించుకుని, రోజూ దాన్ని చూసి పళ్ళు నూరుతూ, నీ తప్పే చేశాను.

బటన్ మీదనుంచి వేలు తీసేశాను. "సాఫ్ట్‌వేర్లో మూడు కలిపేస్తే సరిపోతుంది నాన్నా" అన్నాను. "కలపకు," అన్నారు. "ఇవాళ నీకు గుర్తుంటుంది. రేపు ఇంకెవరో కోస్తారు, వాళ్ళకెవరు చెబుతారు? పీటే మార్చు. అంచునే మొయ్యనీ." మూలకి వెళ్ళి పాత మిల్లింగ్ మెషిన్ మీద గుడ్డ తీసి, పీటని ఆయనే ఎక్కించి, ఆయనే కోశారు. మొదటి కోతకి ముందు చేతిచక్రాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నారు. కొలిచి చూస్తే కొలత వెంట్రుకవాసి తప్పలేదు.

సాయంత్రం టీ తాగుతూ, "నీకు పక్కన నేనున్నాను. వాడికి గీసేటప్పుడు పక్కన ఎవరూ లేరు," అన్నారు. నిన్ను క్షమించానని కాదు ఆ మాట. నీ వైపు మాట్లాడారని కూడా అనను. అన్నది అన్నట్టు రాస్తున్నాను.

నేను కూడా నిన్ను క్షమించేశానని రాయను. నాన్న ఇరవై రెండేళ్ళు ఎవరు తిరిగిస్తారు? కానీ బటన్ మీద నా వేలు నాకు గుర్తుంది. అందుకని మళ్ళీ నువ్వు నాకు "నువ్వే".

గుల్ల పూర్తయింది. పదకొండు కళ్ళూ ఒక్కచోటునే చూస్తున్నాయి. మంగళవారం పంపిస్తాను. ఎవరు తెస్తారో ఇంకా తెలియదు.

ఉడుత

*

నక్షత్రశాల,
గుమ్మటం కింది గది.
ఎండ, గాలి, రెండూ హాయిగా ఉన్నాయి.

ఉడుతా,

ఎవరు తెస్తారో తెలియదన్నావు. తెలిసే రాశావని అక్క చెప్పింది.

మంగళవారం పదింటికి బావ బస్సు దిగి మెట్లెక్కి వస్తున్నారు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చారట ఆ పెట్టెని, మూడు గంటల దారి, పక్కవాళ్ళని కూడా ముట్టుకోనివ్వకుండా. జుట్టంతా నెరిసింది. నేను సగం మెట్లు దిగి అక్కడే ఆగిపోయాను. ఏదో అనాలని తెల్లారినప్పటినుంచీ కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆయన నన్ను దాటుకుంటూ, "పదమూడో నంబరు స్పానరు ఉందా?" అన్నారు.

ఉంది. తెచ్చాను. ఇద్దరం కలిసి బిగించాం. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని స్టాండు అంచుని వేలితో తుడిచి, ఊది, మళ్ళీ తుడిచి అప్పుడు గుల్లని దింపారు. అది ఊపిరి వదిలినట్టు చిన్న చప్పుడు చేసి కూర్చుంది. నేను అద్దాలు ఒక్కొక్కటీ అందిస్తున్నాను. ఐదో అద్దం దగ్గర, "బావా, ఆ రోజు నేను..." అన్నాను.

"చెప్పాల్సిన రోజున చెప్పలేదు నువ్వు," అన్నారు, అద్దం బిగిస్తూనే.

"చెప్పలేదు బావా."

"తర్వాత ఒక్క డ్రాయింగూ చేతిలోకి తీసుకోలేకపోయాన్రా."

ఆరో అద్దం అందించాను. తీసుకున్నారు.

రెండింటికి ఆట. బోర్డు తీసేశామని ఎలా తెలిసిందో, హాలు నిండిపోయింది. చివరి వరసలో పక్కపక్కన కూర్చున్నాం. దీపాలు ఆరిపోయాయి. ముందు ఏమీ లేదు, అంత చీకటి. తర్వాత ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పిల్లలకోడి వచ్చింది, గుప్పెడు పిల్లల్ని వెంటేసుకుని. తర్వాత తూర్పు అంచున గొల్లకావడి. ఒకటి, రెండు, మూడు. కావడి బద్ద నిటారుగా, ఎవరో దారం పట్టి గీసినట్టు. రేకు ముక్క ఒక్కటి కూడా లేకుండా. ఆకాశం మొత్తం అతుకు లేకుండా, నెమ్మదిగా, మా తలల మీదుగా పడమటికి వెళ్ళిపోతోంది. పిల్లలెవరో ముందు వరసలో వేళ్ళతో లెక్కపెడుతున్నారు.

బావ ఏమంటారోనని చూశాను. కాసేపటికి నా భుజం మీద బరువు తగిలింది. నిద్రపోయారు. గురక కూడా, చిన్నగా. నా చెయ్యి తిమ్మిరెక్కింది, ముక్కు దురద పుట్టింది, నేను కదల్లేదు. ఆట అయిపోయింది, గుమ్మటం తెల్లారింది, జనం లేచి వెళ్ళిపోయారు, తలుపు దగ్గర మనిషి నాకేసి చూసి సైగ చేశాడు. ఉండమన్నాను.

కుర్చీ కిర్రుమన్నట్టుంది, కళ్ళు తెరిచారు. నా భుజం మీద ఒరిగి ఉన్నట్టు తెలిసి సర్దుకుని కూర్చున్నారు. కప్పుకేసి చూసి, "అయిపోయిందా?" అన్నారు.

"లేదు బావా. ఇంకో ఆట ఉంది," అన్నాను.

"అయితే ఉంటాను."

ఆ రోజు ఇంకో ఆట లేదు, ఉడుతా. లేచి వెళ్ళి తలుపులు మూశాను, దీపాలార్పి గోళం మళ్ళీ వెలిగించాను. ఇద్దరికే.

మావయ్య